‘కైండ్ ఆఫ్ బ్లూ’ ముద్రణముల పాఠవిమర్శ

బ్రౌను దొర పండితులను కూర్చి పలుప్రతులను సరిచూపించి 1829లో వేమన పద్యముల నచ్చొత్తించినది మొదలు తెనుగునాట గ్రంథపరిష్కర్తలకు ప్రాచీనతరమైన ప్రతియందు గౌరవ మెక్కువ. లేఖకుల చేతులు మారినకొలది తప్పులు పెరుగును గావున మూలమునకు దగ్గఱనున్న ప్రతియే శుద్ధమని తలంచుట తఱచుగా సరియే యగును. కాని ఈ సూత్రము నిరపవాదము కాదు. మూలమునందే దోషము ప్రవేశించి, దానిని మొదటి లేఖకుడు నమ్మకముగా నక్షరాక్షరము ఎత్తివ్రాసినప్పుడు, ప్రతి యెంత ప్రాచీనమైనను దోషము తొలగదు. తాటియాకుల విషయమున నిట్టిదానిని నిరూపించుట కష్టము. కవి స్వహస్తముతో వ్రాసిన యాకులు మనకు దొరకుట లేదు గదా. ధ్వనిముద్రణమునం దట్లు కాదు. మూలమైన టేపుచుట్టయు దాని తోడిచుట్టయు రెండును నిలిచియుండి, దోష మెక్కడ పుట్టినదో వ్రేలితో చూపదగిన యుదాహరణ మొకటి 1959వ సంవత్సరమున న్యూయార్కు నగరమున నేర్పడినది. అది మైల్స్ డేవిస్ అను ట్రంపెట్టు విద్వాంసుని ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు.

ఈ రికార్డునందలి సంగీతము రెండు దినములలో ముద్రింపబడెను. 1959 మార్చి 2వ తేదీన ‘సో వాట్’, ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’, ‘బ్లూ ఇన్ గ్రీన్’ అను మూడు కృతులును, ఏప్రిలు 22వ తేదీన ‘ఫ్లమెంకో స్కెచెస్’, ‘ఆల్ బ్లూస్’ అను రెండును వాయింపబడినవి. మొదటి మూడును రికార్డు మొదటి ప్రక్కను, తక్కిన రెండును రెండవ ప్రక్కను నిలిచినవి. ఈ విభాగమును చదువరులు జ్ఞప్తియం దుంచుకొనవలయును. వాదమంతయు దీనిపైననే యాధారపడియున్నది. డేవిస్‌తో గూడి జాన్ కోల్ట్రేన్, జూలియన్ ఆడర్లీ సాక్సఫోనులను, పాల్ చేంబర్స్ బాసును, జిమ్మీ కాబ్ డ్రమ్ములను వాయించిరి. పియానో బిల్ ఎవాన్సుది. ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’లో మాత్రము వింటన్ కెల్లీది. స్థలము ముప్పదియవ వీధిలోని కొలంబియా సంస్థవారి ధ్వనిముద్రణశాల. అది పూర్వము క్రైస్తవుల ప్రార్థనామందిరము. ఎత్తైన కప్పు గల యా శాల ప్రతిధ్వనికి పేరుగాంచినది. 1981లో అది మూతపడెను. పిమ్మట కట్టడమును పడగొట్టిరి. ఆ గది గుణమును వినగోరువారికి నేడు రికార్డులు దక్క వేఱు సాక్ష్యము లేదు. ముద్రణముల తారతమ్యమును విచారించుట వట్టి విలాసము కాకపోవుట కిదియొక హేతువు.

సంగీతమును గూర్చి రెండు మాటలు. అంతకు పూర్వపు జాజు సంగీతమున స్వరసంపుటములు వడివడిగా మారుచుండ, వాద్యకారుడు వానివెంట పరుగిడుచు మనోధర్మమును చూపవలసియుండెను. డేవిస్ దీనిని విడిచి, యొక్కొక్క స్వరక్రమముపై చాలసేపు నిలిచి దానినే విస్తరించు పద్ధతిని గైకొనెను. మన యాలాపన నెఱిగినవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోపదు. ‘సో వాట్’ డి అను స్వరము నాధారముగా గొన్న డోరియన్ స్వరక్రమమున నడచి, నడుమ ఎనిమిది గతులు అర్ధస్వరము పైకి జరిగి, మరల మొదటి స్థానమునకు దిగును. డోరియన్ క్రమమును మన ఖరహరప్రియతో పోల్చవచ్చును. గమకములు లేవు, పియానో స్వరస్థానములు సమముగా విభజింపబడినవి. ఐనను మేళ మదియే.

ఇక ముద్రణవిధానము. టేపునుండి సంగీతమును లాకరు పూసిన యొక పలకకు పంపి, సూదితో గాడి కోయుదురు. ఆ పలకపై లోహపుపూతను పెంచి యూడదీసిన గాడికి మాఱు గట్టు గల విలోమరూప మేర్పడును. దానినుండి మరల సులోమరూపమును, దానినుండి అచ్చులను తీయుదురు. ఈ నడిమి సులోమరూపమునకు కర్మాగారములలో ‘మదర్’ అని పేరు. మన మాతృకా శబ్దమునకు సముద్రము కావల నిట్టి తోబుట్టువు గలదు. అచ్చులు కొన్ని వందలో, వేయి చిల్లరయో ప్రతులు తీసినంతనే అరుగును గావున క్రొత్త అచ్చులు, ఒక్కొక్కప్పుడు క్రొత్త పలకలును కావలసివచ్చును. ఏ ప్రతి యే పలకనుండి పుట్టినదో గాడుల కొసకును నడిమి చీటికిని మధ్యనుండు నున్నని వలయమున 1ఏ, 1బి మొదలగు గుర్తులతో చెక్కియుందురు. వ్రాతప్రతి చివర లేఖకుడు తన పేరును సంవత్సరమును వ్రాసికొను గద్య వంటిది ఇది. సేకరణపరులు దీనిని విడిచి చీటిమీది యారుకన్నుల గుర్తును చూచియే మొదటి ముద్రణ మని వెలకట్టుట కద్దు. కొలంబియావా రా చీటిని 1962 ప్రాంతమున మార్చి రెండుకన్నుల చీటిని తెచ్చిరి. అయినను చీటి మారినంతమాత్రమున పలక మారదు, చీటి మారనంతమాత్రమున పలక నిలువదు. అట్టను చూచి గ్రంథకాలమును నిర్ణయించు పండితు డెవ్వడును లేడు గదా!

1959లోనే ఈ రికార్డు రెండు రూపముల వెలువడెను. సీఎల్ 1355 అను సంఖ్య గలది ఏకధ్వని, సీఎస్ 8163 అనునది ద్విధ్వని. రెండవదానిలో కోల్ట్రేన్ ఎడమను, ఆడర్లీ కుడిని, డేవిస్ నడుమను వినబడుదురు. మొదటిదానిలో నందఱు నొక్కచోట నుందురు. ఒకటి శుద్ధమును, మఱియొకటి వికారమును కావు. అవి యొకే మూలమునకు రెండు శాఖలు. ఒక శాఖలోని ప్రతిని రెండవ శాఖలోని ప్రతితో పోల్చి మంచిచెడ్డల నెన్నుట పద్ధతి కాదు.

సరిపోల్చుటలో నింకను జాగ్రత్తలు కలవు. రెండు ప్రతులలో నొకటి రవ్వంత గట్టిగా మ్రోగినచో చెవి దానినే మేలైనదిగా నెన్నును. కావున ముందుగా రెంటి ధ్వనిబలమును సమము చేయవలయును. సూది యొకటియే కావలయును, గాడులు శుభ్రముగా నుండవలయును. అన్నిటికంటె ముఖ్యము, ఒక కృతిని దానితోనే పోల్చుట. నిమిషమునకు ముప్పదిమూడు చుట్లు చిల్లర తిరుగు పండ్రెండంగుళముల రికార్డున వెలుపలి గాడి సూదిక్రింద సెకనునకు 50 సెంటిమీటర్లు మించి సాగును. లోపలి గాడి 21 సెంటిమీటర్లకు దిగును. అక్కడ నక్షరములు దగ్గఱదగ్గఱగా నిఱికించి వ్రాసినట్లు సూక్ష్మధ్వనులు మసకబారును. మొదటి ప్రక్క చివరనున్న ‘బ్లూ ఇన్ గ్రీన్’ను ఒక ప్రతిలో విని, మొదటనున్న ‘సో వాట్’ను వేఱొక ప్రతిలో విని తీర్పు చెప్పుట యన్యాయము.

ఈ నియమములతో వినువారికి మొదటికాలపు మంచి ప్రతులలో తాళపుపళ్లెముల తళుకు, ట్రంపెట్టు చుట్టునున్న గది గాలి నిండుగా తోచుట వింత కాదు. టేపునుండి టేపున కెత్తినకొలది రొద పెరిగి సూక్ష్మధ్వనులు తగ్గును. తొలి పలకలు కోయబడునాటికి మూలము క్రొత్తది, మాటిమాటికి నడచి యరిగినది కాదు. ఇంతవఱకు ప్రాచీనప్రతి పక్షము వారిదే గెలుపు.

ఇట్లుండగా 1992లో దీనిని మరల ప్రకటించుటకై మార్క్ వైల్డర్ అను శిల్పి మూలచుట్టలను పరిశీలించెను. ముద్రణదినమున నేమగునో యను భయమున యంత్రములు రెండు నడుపబడుచుండెను: ఒకటి ప్రధానము, రెండవది తోడు. మార్చి 2వ నాడు ప్రధానయంత్రము కొంచెము మెల్లగా నడచినది. యంత్రము మెల్లగా నడచినచో తక్కువ టేపుపై నెక్కువ సంగీత మిముడును. దానినే సరియైన వేగమున నడిపినప్పుడు సంగీతము త్వరపడి శ్రుతి హెచ్చును. తోడియంత్రము సరిగానే నడచినది. ప్రధానచుట్టనుండియే పలకలు కోయబడినవి గావున 1959 మొదలు ముప్పదిమూడు సంవత్సరములు లోకము విన్న మొదటి ప్రక్క యంతయు, ఎంత మేలైన యచ్చులో నైనను, వాయించినదానికంటె హెచ్చుశ్రుతిలో నున్నది. హెచ్చు అర్ధస్వరమునకు లోబడినదే. కాని అర్ధస్వరము జరుగుటయే ప్రాణముగా గల ‘సో వాట్’ డికిని దాని పైస్వరమునకును నడుమ నెక్కడనో నిలిచినది. రికార్డుతో గూడి వాయింపబోయిన వాద్యకారులకు శ్రుతి కలియకపోయెనని చెప్పుకొందురు.

ఇంతకాలము తక్కినవా రేల కనుగొనలేదని శంక కలుగవచ్చును. శ్రుతి యంతయు నొక్కరీతిగా హెచ్చినప్పుడు స్వరముల పరస్పరసంబంధము చెడదు. గాయకుడు తన కనుకూలమైన శ్రుతిని బెట్టుకొను సంప్రదాయమున పెరిగిన మన శ్రోత కది తెలియకపోవుట యింకను సహజము. కాని శ్రుతితోపాటు కాలమును మారును. వాద్యపు నాదగుణమును మారును. సాక్సఫోను కొంచెము సన్నబడును, డ్రమ్ముల నడక కొంచెము తొందరపడును. డేవిస్ కోరిన విశ్రాంతినుండి యొక పాలు పోయినది.

టేపుచుట్టలను చూడనక్కఱ లేకయే దీనిని నిరూపింపవచ్చును. ఏప్రిలు 22వ తేదీ ముద్రణ నిర్దుష్టము. కావున ఏ పాతప్రతినైనను తీసికొని, రెండవ ప్రక్కలోని పియానో శ్రుతి సరియైన మఱియొక పియానోతో కలియునట్లు రికార్డుయంత్రపు వేగమును దిద్దుకొని, పిమ్మట నా వేగము మార్పక మొదటి ప్రక్కను పెట్టినచో భేదము చెవికి తగులును. యంత్రదోష మనుటకు వీలు లేదు. ఒకటే యంత్రము, ఒకటే ప్రతి, రెండు ప్రక్కలు. గ్రంథమున కంతస్సాక్ష్య మనునది యిట్లే యుండవలయును. దీనినుండియే యింకొకటి తేలుచున్నది: మొదటి ముద్రణపు రెండవ ప్రక్క ధ్వనియందును పాఠమునందును శుద్ధము, మొదటి ప్రక్క ధ్వనియందు శుద్ధము, పాఠమునం దశుద్ధము. ఒక్క ప్రతిని గూర్చి యొక్క తీర్పు చెప్పుట కుదరదు.

రెండవ ప్రక్కకు వేఱొక విధమైన దోషము తగిలినది. మొదటి ప్రతులలో దాని రెండు కృతుల పేర్లు తారుమారైనవి. అంతటితో నాగక, అట్టవెనుక బిల్ ఎవాన్స్ వ్రాసిన పీఠికయందును లక్షణములు తారుమారుగా నచ్చుపడెను. ఆరెనిమిది గతిలో పండ్రెండు గతుల బ్లూస్ అని ‘ఫ్లమెంకో స్కెచెస్’నకును, వరుసగా నైదు స్వరక్రమములని ‘ఆల్ బ్లూస్’నకును చెప్పబడినది. సంగీతము విన్నవారికి లక్ష్య మెటనున్నదో క్షణములో తెలియును. ఆడర్లీ పేరును వర్ణలోపముతో నచ్చొత్తిరి. మొదటి ముద్రణమును పూజించువా రీ మూడు తప్పులను దాని ప్రామాణ్యమునకు గుర్తులుగా చూపి వెల పెంచుట మాత్రము వింతయే.

1992 తరువాతి ప్రకటనలలో తోడిచుట్ట సాయమున శ్రుతి దిద్దబడినది. 1997లో వైల్డరే, ఆ కాలపు ప్రెస్టో యంత్రమును సంపాదించి, మూడు మార్గముల మూలమునుండి మరల కలిపి ‘ఫ్లమెంకో స్కెచెస్’నకు వేఱొక వాయింపును చేర్చి ప్రకటించెను. ఆ దశకముననే క్లాసిక్ రికార్డ్స్ వారు పాతశ్రుతి ప్రక్కతోపాటు దిద్దిన ప్రక్కను గూడ నొక్కచోట నిచ్చిరి. పాఠాంతరమును అడుగున చూపు పరిష్కర్త పద్ధతి ఇది. అన్నిటిలో నిదియే శాస్త్రసమ్మతము. దిద్దుట యపచార మని వాదించువారు లేకపోలేదు. ముప్పదిమూడేండ్లు వేలకొలది వాద్యకారులు హెచ్చుశ్రుతినే విని నేర్చిరి గావున అదియే లోకపాఠ మని వారి యుక్తి. ఆ కాలపు శ్రోత లేమి వినిరో తెలిసికొనుటకు పాతప్రతి కావలసినదే. ఐనను డేవిస్ వాయించినది డి స్వరమున. యంత్రము తన కిష్టమైనట్లు నడచుటను కర్త యభిప్రాయ మనరాదు. మూలముననే దోష మున్నదని ఋజువైన పిదప వ్యాప్తి దానికి ప్రామాణ్యము నీయజాలదు.

తెనుగు నాటకపద్యముల పాత గ్రామఫోను రికార్డులను శోధించువారికి నీ చిక్కే మఱింత పెద్దది. నిమిషమునకు 78 చుట్లు అని మనము చెప్పుకొనునది తొలికాలమున స్థిరముగా లేదు. ముద్రణవేగము డెబ్బదినుండి ఎనుబది దాటువఱకు మారుచుండెను. అట్టి రికార్డును 78 వేగమున నడిపి, ఫలానా నటుడు ఫలానా శ్రుతిలో పాడెనని వ్రాయుట సాహసము. అందు దిద్దిన తోడిచుట్ట లేదు, నిర్దుష్టమైన రెండవ ప్రక్కయు నుండదు. కాని హార్మోనియము కలదు. దాని మెట్లు అర్ధస్వరము చొప్పుననే జరుగును. అర్ధస్వరము వేగమున నూటికి ఆఱు పాళ్లకు సమీపము. హార్మోనియము సరియైన మెట్టుపై నిలుచునట్లు వేగమును దిద్దినప్పుడు 78 తగినదైనచో, దాని ప్రక్కన మిగులునవి 73.6, 82.6 మాత్రమే. హార్మోనియముల శ్రుతి యన్నిట నొక్కటి కాకపోయినను ఊహ కంత విశాలమైన చోటు మిగులదు. ఆ మూడింటిలో నేది నిజమో పాడిన గొంతు సహజత్వమును బట్టి, అచ్చుల ఊపిరి నిడివిని బట్టి నిర్ణయింపవలసియుండును.