ఫ్లాష్ పోయింది, గేమ్ ఎలా బతికింది?

ఒకప్పుడు ఫేస్‌బుక్ తెరిస్తే చాలు, "నా పొలానికి నీళ్లు పెట్టు" అని రిక్వెస్టులు వచ్చేవి, గుర్తుందా? అదే ఫామ్‌విల్. 2020 డిసెంబర్ 31న ఆ పాత ఫామ్‌విల్ మూతపడింది. అది నడిచేది ఫ్లాష్ మీద. అడోబీ సరిగ్గా ఆ రోజుతోనే ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది. 2021 జనవరి 12 నుంచైతే ప్లేయరే గేమ్‌లని ఆడనివ్వలేదు. వేల గేమ్‌లు అలా చీకట్లోకి పోయాయి.

అసలు తేడా ఎక్కడుందంటే, ఫ్లాష్ బ్రౌజర్‌లో భాగం కాదు, బయట నుంచి తగిలించిన ప్లగిన్. తాళం ఒక్క కంపెనీ చేతిలో ఉంది. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, ఐఫోన్‌లో ఫ్లాష్ ఎందుకు ఉండదో చెప్పాడు. బ్యాటరీ, సెక్యూరిటీ అన్నాడు. నిజమే, కానీ ఆయనకీ కాపాడుకోవాల్సిన యాప్ స్టోర్ ఒకటుంది కదా!

అదే ఏడాది అలాన్ జకాయ్ అనే ఇంజినీర్ ఎమ్‌స్క్రిప్టెన్ అనే టూల్ మొదలుపెట్టాడు. సి++లో రాసిన ప్రోగ్రామ్‌ని జావాస్క్రిప్ట్‌గా మార్చేస్తుంది. అట్ల పిండి ఒకటే, పెనం మీద పోస్తే అట్టు, నూనెలో వేస్తే పునుగులు. అలాగే కోడ్ ఒకటే, పీసీ కోసం కంపైల్ చేస్తే ఎగ్జిక్యూటబుల్ ఫైల్, వెబ్ కోసం చేస్తే బ్రౌజర్ గేమ్.

వినడానికి బాగుంది. చెమటలు పట్టేది ఇక్కడే. మామూలు గేమ్‌లో ఆగని లూప్ ఒకటి ఉంటుంది: బటన్ చూడు, బొమ్మ కదిలించు, స్క్రీన్ మీద గీయి, మళ్లీ మొదటికి రా. బ్రౌజర్‌లో ఆ లూప్ వదలకపోతే ట్యాబ్ మొత్తం బిగుసుకుపోతుంది. అందుకే ఒక్క ఫ్రేమ్ గీసి, పక్కకి తప్పుకోవాలి. స్క్రీన్ రెడీ అయినప్పుడు బ్రౌజరే మళ్లీ పిలుస్తుంది, సాధారణంగా సెకనుకి 60 సార్లు. ఫైళ్ల సంగతీ అంతే. పీసీలో డిస్క్ మీద సిద్ధంగా ఉంటాయి, వెబ్‌లో ముందు డౌన్‌లోడ్ కావాలి. మన డేటా ప్యాక్‌కి అదొక పరీక్ష.

2011లో వెబ్‌జీఎల్ వచ్చి బ్రౌజర్‌కి గ్రాఫిక్స్ చిప్‌ని అందించింది. 2013లో మోజిల్లా, ఎపిక్ కలిసి అన్‌రియల్ ఇంజిన్ 3ని ఏ ప్లగిన్ లేకుండా ఫైర్‌ఫాక్స్‌లో నడిపి చూపించాయి. నవ్వినవాళ్లు నోరు మూశారు. 2017కల్లా పెద్ద బ్రౌజర్లన్నీ వెబ్‌అసెంబ్లీని ఒప్పుకున్నాయి, 2019 డిసెంబర్‌లో అది అధికారిక ప్రమాణం అయింది.

మధ్యలో దెబ్బ కూడా తగిలింది. 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. దాంతో బ్రౌజర్లు షేర్డ్ మెమరీని ఆపేశాయి. పని నాలుగు కోర్లకి పంచుకుందామనుకున్న గేమ్‌లు ఒక్క కోర్‌తో సరిపెట్టుకున్నాయి. తర్వాత తిరిగి ఇచ్చారు కానీ, సర్వర్ ప్రత్యేకంగా కొన్ని హెడర్లు పంపితేనే.

మరి ఆ పాత ఫ్లాష్ గేమ్‌లు? రస్ట్ భాషలో రాసిన రఫుల్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్ ఉంది. పీసీలో యాప్‌గా నడుస్తుంది, బ్రౌజర్‌లో వెబ్‌అసెంబ్లీగా నడుస్తుంది. ఫ్లాష్ కాలం నాటి బొమ్మలు చాలా ఇప్పుడు దాని మీదే కదులుతున్నాయి, మీ ఫోన్‌లో కూడా.