కల్యాణపురం

మా యానానికి ఒకప్పుడు కల్యాణపురమని పేరు. వినసొంపుగానే ఉంటుంది. ఎలా వచ్చిందో మా పిల్లలకు తెలియదు.

1930 ఏప్రిల్ 1న బ్రిటిషిండియాలో శారదా చట్టం అమలులోకొచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండందే పెళ్ళి చేయరాదు. చేస్తే నెల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. ఫ్రెంచివారి యానానికి ఆ చట్టం లేదు. ఇంకేం, చుట్టుపక్కల పెళ్ళివారంతా ఇక్కడే పందిళ్ళు వేశారు. కామర్సు చదివినవాణ్ణి కదా, సరుకు సుంకంలేని రేవుకు మళ్ళినట్టే తోస్తుంది నాకు.

మా నాయనమ్మను 1932లో కాకినాడ దగ్గరి పల్లెనుంచి బండిలో తెచ్చారు. పెళ్ళి ఆడపిల్ల ఇంట జరగాలి, ఈమెది తాతగారి ఊళ్ళో జరిగింది. అప్పటికి పదేళ్ళు. పద్నాలుగో ఏట తొలికాన్పు, మూడు రోజుల నొప్పులు. బిడ్డ దక్కలేదు. "బొమ్మల పెళ్ళనుకున్నాన్రా" అని నవ్వేది గాని, ఆ కాన్పు సంగతి ఎప్పుడూ సగంలోనే ఆపేసేది.

1954లో ఫ్రెంచి పాలన పోయింది. 1978లో ఆడపిల్ల పెళ్ళివయసు 18 అయింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో తల్లులో గర్భిణులో అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 12.6, తమిళనాడులో 6.3, దేశం మొత్తంమీద 6.8. బడి మానిన పిల్లల్లోనే ఇది ఎక్కువ. రోడ్లూ మేడలూ వచ్చినంత మాత్రాన తగ్గేది కాదు.

ఆమధ్య మా శాఖకు ఒక పిల్ల ఖాతాకోసం వచ్చింది. ఆధార్ ప్రకారం పదిహేడే. సంరక్షకుడి గడి దగ్గర తల్లీ, మొగుడూ ఇద్దరూ చెయ్యి చాచారు. 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం ప్రకారం మైనరు భార్యకు సహజ సంరక్షకుడు మొగుడే. ఆ పిల్ల ఇదేమీ పట్టనట్టు, చంకలోని బిడ్డకు నా పెన్ను ఇచ్చి ఆడిస్తోంది.