నానా బెంజ్‌ల అంగడి

1970లలో టోగో రాజధాని లోమేకు విదేశీ అధినేత ఎవరైనా వస్తే, ఊరేగింపుకు సరిపడా మెర్సిడెస్ బెంజ్ కార్లు ప్రభుత్వం దగ్గర ఉండేవి కావు. బట్టల అంగడిలో కూర్చునే ఆడవాళ్లను అడిగి తెచ్చుకునేవారు. ఆ కార్ల వల్లే వాళ్లకు నానా బెంజ్‌లని పేరు పడింది. వాళ్లలో చాలామందికి చదువు అంతంతమాత్రం, కొందరికి సంతకం చేయడమూ రాదు. అయినా హాలండ్ మిల్లుల్లో ఏ రంగు ఎక్కాలో, ఏ అచ్చు పడాలో వాళ్లే తేల్చేవారు. ఆఫ్రికా యువత చేతికి నాయకత్వం, వ్యాపారం, స్త్రీ పురుష సమానత్వం అందించాలని ఇప్పుడు జరుగుతున్న ప్రయత్నాలను చూసేటప్పుడు ఈ చరిత్ర గుర్తుంచుకోవాలి. 2006లో బాంజుల్‌లో ఆఫ్రికా దేశాలు యువజన చార్టర్‌ను ఆమోదించాయి. 2010 నుంచి 2020 దాకా ఆఫ్రికా మహిళా దశాబ్దం నడిచింది. ఆ స్ఫూర్తితో వచ్చిన కార్యక్రమాల్లో శిక్షణ శిబిరాలకే పెద్దపీట. వ్యాపార దక్షత, ధైర్యం అక్కడి ఆడపిల్లలకు కొత్తగా నేర్పాల్సిన సంగతులన్న ఊహ వాటి అడుగున ఉంది. లోమే అంగడి చరిత్ర చదివితే ఆ ఊహ నిలబడదు. అక్కడ దక్షతకు ఏనాడూ కరువు లేదు. సరుకు మీద హక్కు చేతిలో ఉన్నన్నాళ్లు ఆ దక్షత ఐశ్వర్యమైంది, హక్కు జారాక అదే దక్షత కూటికి మాత్రమే సరిపోయింది.

వాళ్లు అమ్మిన వాక్స్ బట్టది వింత పుట్టుక. జావా ద్వీపంలో మైనంతో చేతి అద్దకం వేసే బాతిక్‌ను 19వ శతాబ్దంలో డచ్చివాళ్లు యంత్రం మీద చేయబోయారు. యంత్రపు అద్దకంలో మైనం బదులు వాడిన జిగురు పగిలి, బట్ట మీద సన్నని చారలు పడేవి. జావావాళ్లకు అది నచ్చలేదు, ఇప్పటి ఘనా అయిన గోల్డ్ కోస్ట్ తీరంలో మాత్రం ఆ చారలే ముచ్చటగా అనిపించాయి. 1846లో హెల్మండ్ అనే డచ్చి పట్టణంలో మొదలైన వ్లిస్కో కంపెనీకి ఆ తీరమే అన్నం పెట్టింది. నిజానికి పరాయి బట్టను ఏరి, బేరమాడి, నచ్చనిది తిప్పికొట్టడం ఆ తీరానికి అప్పటికే అలవాటు. దానికి సాక్ష్యం మన వైపే ఉంది. కోరమాండల్ రేవుల నుంచి వెళ్లిన నూలు బట్టలు శతాబ్దాల పాటు పశ్చిమ ఆఫ్రికాలో చెల్లాయి. వాటితో బానిసలను కొన్న కాలమూ ఉంది, దాన్ని దాచి ఈ వ్యాపారాన్ని మెచ్చుకోకూడదు. తర్వాతి కాలంలో చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ గళ్ల బట్ట నైజర్ డెల్టాలోని కలబారి కుటుంబాల్లో పుట్టుకకూ చావుకూ తప్పనిసరి అయింది. ఆ ఆడవాళ్లు దాన్ని కూడా వచ్చినట్టే వాడేయలేదు. ఎంచుకున్న దారాలను కోసి లాగేసి, కొత్త నమూనా తేల్చి కట్టుకున్నారు. నేసేవాడి లెక్క నేసేవాడిది, కొనేవాళ్ల లెక్క కొనేవాళ్లది.

లోమే పట్టణం పుట్టిందే సుంకం తప్పించుకోవడానికి. పక్కనున్న గోల్డ్ కోస్ట్‌లో బ్రిటిష్‌వాళ్ల పన్నుల బెడద లేకుండా సరుకు దించుకునే చోటు కోసం వర్తకులు 1880ల ప్రాంతంలో ఈ ఇసుక తీరాన స్థిరపడ్డారు. 1884లో జర్మన్లు వచ్చారు, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పట్టణం ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లింది. 1933 జనవరిలో ఫ్రెంచి గవర్నరు పన్నులు పెంచి, కాదన్న ఇద్దరు నాయకులను జైల్లో పెట్టించినప్పుడు, వేలాది ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి వాళ్లను విడిపించారు. ఆ రోజుల్లో ఆ తీరమంతా ఇదే కథ. 1929లో తూర్పు నైజీరియాలో ఆడవాళ్ల మీద కూడా పన్ను వేస్తారన్న అనుమానంతో పెద్ద తిరుగుబాటు లేచింది, సైనికుల కాల్పుల్లో యాభై మందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు. లాగోస్‌లో చేపలమ్మే అలిమొటు పెలెవురా మార్కెట్ మహిళల సంఘానికి నాయకురాలై, రెండో ప్రపంచ యుద్ధ కాలపు ధరల నియంత్రణను ఎదిరించింది. అబెయొకుటాలో ఫున్మిలాయో రాన్సమ్ కూటి నడిపిన మహిళా సంఘం 1949లో అక్కడి రాజునే గద్దె దింపింది. దొరతనం ప్రతి ఊళ్లో ఒక మగ పెద్దను వెతికి పట్టుకుని, అధికారం అతనికే ఉందని రాసుకుంది. ధరలు, జాగాలు, తగవులు తేల్చే అంగడి సంఘాలు ఆ రాతల్లోకి ఎక్కలేదు. ఆడవాళ్లలో నాయకత్వం లేదనే మాట అక్కడి నుంచే వచ్చిందనుకుంటాను.

ఇక అసలు కిటుకు దగ్గరికి వద్దాం. యునైటెడ్ ఆఫ్రికా కంపెనీలాంటి పెద్ద యూరోపియన్ సంస్థలు మిల్లుల నుంచి సరుకు తెచ్చేవి. పన్నెండు గజాల తాను లెక్కన అమ్మేవి. ఏ అచ్చు ఆడుతుందో, ఏది గిడ్డంగిలో మూలుగుతుందో ఆ సంస్థల గుమాస్తాలకు తెలిసేది కాదు. అది తెలిసింది ఈ ఆడవాళ్లకే. నైజీరియా కొనుగోలుదారులకు ఏది ముద్దో, కాంగో నుంచి వచ్చేవాళ్లు దేనికి ఎగబడతారో, ఏ సంవత్సరం నీలం పోయి పసుపు వస్తుందో వాళ్ల నాలుక చివర ఉండేది. కొత్త నమూనాలు ముందు వాళ్లకు చూపించాలి, వాళ్లు పెదవి విరిస్తే అచ్చు పడేది కాదు. ఆ తెలివికి ప్రతిఫలంగా ఒక్కొక్క అచ్చును ఒక ప్రాంతంలో అమ్ముకునే గుత్త హక్కు ఒకరికో, నలుగురైదుగురి జట్టుకో దక్కేది. అచ్చుకు పేరు పెట్టేదీ వాళ్లే. ‘నువ్వు బయటికెళ్తే నేనూ వెళ్తా’ అని ఒక బట్టకు పేరు పెడితే, తిరుగుబోతు మొగుడికి సమాధానంగా దాన్ని కట్టుకునే ఇల్లాళ్లు వందలమంది. పేరు అతికితే తాను ధర పెరిగేది. గుత్త హక్కు ఉంటేనే ఆ పేరు వల్ల వచ్చే లాభం పెట్టినవాళ్లకు మిగులుతుంది. లేకపోతే పక్క దుకాణం వాళ్లు అదే పేరుతో నాలుగు డబ్బులు తగ్గించి అమ్మేస్తారు.

హక్కు మీద అరువు నడిచేది. సంస్థ గడువిచ్చి నానాకు సరుకు ఇస్తుంది, నానా తన కింది టోకు వ్యాపారులకు ఇస్తుంది, వాళ్లు చిల్లరవాళ్లకు ఇస్తారు. బ్యాంకు తాకట్టు అడిగే చోట ఇక్కడ మాట, బంధుత్వం, మళ్లీ సరుకు దొరకదేమోనన్న భయం పూచీగా పనిచేశాయి. దానికి తోడు టోంటిన్ ఉండేది, మన చీటీల పాటకు అక్కడి అక్క. తల్లి వెంటో మేనత్త వెంటో అంగడికి వచ్చే పిల్ల మొదట తానులు మోస్తుంది, మడత పెడుతుంది, అసలు వాక్స్‌నూ నకిలీనీ వేలితో పోల్చడం నేర్చుకుంటుంది, ఆరు గజాల ముక్కలు అమ్మి తన వాటా దాచుకుంటుంది. కొన్నేళ్ల తర్వాత ఆమె చేతికి ఒక అచ్చు వస్తుంది. ఆ తీరపు సంప్రదాయంలో పెళ్లయినా ఆమె సంపాదన ఆమెదే, మొగుడి లెక్కలో కలవదు. శిక్షణ, పెట్టుబడి, ఆస్తి ఈ మూడూ ఒకే దారిలో వచ్చేవి. ఇప్పటి పథకాలు మొదటిదాన్ని మాత్రమే విడిగా పట్టుకుని ఇస్తున్నాయి.

అదృష్టం పాలూ ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన ఘనా స్వదేశీ పరిశ్రమల కోసం దిగుమతి బట్టల మీద భారీ సుంకాలు వేసింది. 1960లో స్వతంత్రమైన టోగోకు మొదటి అధినేత సిల్వానస్ ఒలింపియో అంతకు ముందు యునైటెడ్ ఆఫ్రికా కంపెనీలోనే పెద్ద ఉద్యోగి. ఆయన సుంకాలు తక్కువగా ఉంచాడు. లోమే ఘనా సరిహద్దుకు ఆనుకునే ఉంది కాబట్టి వ్యాపారమంతా ఇటు ఒరిగింది. ఇలాంటి సరిహద్దు నిర్ణయాలు రెండో వైపూ కోస్తాయి. నైజీరియా దిగుమతులు బిగించినప్పుడు ఆ దెబ్బ చీరాల మగ్గాల దాకా వచ్చింది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఆ హక్కు వలస కంపెనీ పారేసిన ముక్క, దాన్ని కాపాడింది 1967లో గద్దెనెక్కిన సైనిక నియంత ఎయదేమా, అలాంటిదాన్ని సాధికారత అని ఎలా అంటారు అని. ఇందులో సగం నిజం. డెడే రోజ్ క్రెప్పీ, పేషెన్స్ సాన్వీ లాంటి పేరున్న నానాలు వ్యాపారుల సంఘాన్ని నడిపారు, ఆ సంఘం పాలక పార్టీకి దగ్గరగా మెలిగింది, ప్రభుత్వానికి బెంజ్ కార్లు ఇచ్చింది. పన్నుల విషయంలో దయ తలచిన పాలకుడికి వాళ్లు కృతజ్ఞత చూపారు, దానికి తర్వాత మూల్యం కూడా చెల్లించారు. హక్కు దయాభిక్ష అన్న మాటను మాత్రం ఒప్పుకోను. కంపెనీకి అమ్మకం కావాలి, అమ్మకానికి వాళ్ల కన్ను కావాలి. వాళ్లు కొనకపోతే ఓడ సరుకు ఓడలోనే ఉంటుంది. బేరంలో రెండు వైపులా బలం ఉంది కాబట్టే ఆ ఒప్పందం దశాబ్దాలు నిలిచింది. ఇంకో ఆక్షేపణ, ఐశ్వర్యం కొద్దిమందిదేనని. అవును, తానులు మోసిన ఆడపిల్లలందరూ నానాలు కాలేదు. నెత్తిన గంపతో తిరిగే చిల్లర వ్యాపారికీ మేడ మీది టోకు వ్యాపారికీ మధ్య అంతరం పెద్దదే. కానీ ఆ అంతరం మధ్యలో మెట్లు ఉన్నాయి. తర్వాతి కాలంలో కూలిపోయింది ఆ మెట్లే.

అవి కూలిన తీరు చూడండి. 1992 నవంబరులో ఎయదేమాకు వ్యతిరేకంగా మొదలైన సార్వత్రిక సమ్మె నెలల తరబడి సాగింది. లక్షలమంది ఘనాకూ బెనిన్‌కూ పారిపోయారు, కొనుగోలుదారులు లోమే దారి మరిచారు. అది తేరుకోక ముందే 1994 జనవరిలో టోగో వాడే సీఎఫ్‌ఏ ఫ్రాంకు విలువను సగానికి తగ్గించారు. ఒక్క రాత్రిలో డచ్చి వాక్స్ ధర రెండింతలైంది, అరువు గొలుసులో ప్రతి లంకె తెగింది. ఆ ఖాళీలోకి చైనా నకళ్లు వచ్చాయి, అవే అచ్చులు, చాలా తక్కువ ధర. కొత్త తరం వ్యాపారులు స్వయంగా చైనా వెళ్లి సరుకు దించుకున్నారు. వాళ్లను నానెట్‌లన్నారు, అంటే చిన్న నానాలు. వాళ్లలో చదువుకున్నవాళ్లు ఎక్కువ, తెగువలో పాతవాళ్లకు తీసిపోరు. అచ్చు మీద గుత్త హక్కు మాత్రం వాళ్లకు లేదు. ఈ నెల బాగా ఆడిన నమూనాను వచ్చే నెల పదిమంది దించుతారు. అటు వ్లిస్కో కూడా 2000లలో తానే ఒక ఫ్యాషన్ బ్రాండుగా మారి, సొంత దుకాణాలు తెరిచింది. మధ్యలో కూర్చున్న నానా చేతి నుంచి అచ్చు జారిపోయింది. 2013 జనవరిలో లోమే పెద్ద మార్కెట్ భవనం కాలిపోయినప్పుడు ఎందరికో సరుకుతో పాటు దాచుకున్న డబ్బూ బుగ్గి అయింది.

చదువు లేకపోవడమే వాళ్లను ముంచిందని, చదువుకున్న యువత అయితే నిలబెట్టుకునేదని అనేవాళ్లున్నారు. నానాలే తమ పిల్లలను యూరప్ పంపి చదివించారు, చాలామంది డాక్టర్లో లాయర్లో అయ్యారు, అంగడికి తిరిగి రాలేదు. వచ్చిన నానెట్‌ల చదువు వాళ్లకు చైనాలోని గ్వాంగ్‌జౌలో బేరం చేయడానికి ఉపయోగపడింది, నకలును ఆపడానికి పనికిరాలేదు. అచ్చులు రిజిస్టరైంది కంపెనీల పేరునే. ఏది నడుస్తుందో చెప్పి, పేరు పెట్టి, సముద్రం దాటి వచ్చినదాన్ని తమ ఊరి బట్టగా మార్చినవాళ్ల పేరు ఏ కాగితం మీదా లేదు. ఒప్పందం నోటి మాటగా, అలవాటుగా ఉంది, బలం తగ్గగానే చెల్లకుండా పోయింది. బ్యాలెన్స్ షీటు చదవడం నేర్పితే మేలే, ఎవరూ కాదనరు. అయితే ఆ షీటులో ఆస్తి గడి కింద రాసుకోవడానికి ఏదైనా ఉండాలి. నానాల దగ్గర ఒకప్పుడు ఉన్నది, నానెట్‌ల దగ్గర లేనిది అదే.

ఆఫ్రికా ఖండాంతర స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద 2021 జనవరిలో వ్యాపారం అధికారికంగా మొదలైంది. 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ మహిళలు, యువత వాణిజ్యంపై ఒక ప్రత్యేక ప్రోటోకాల్‌ను ఆమోదించింది. రుణాలు, శిక్షణ, సరిహద్దు తనిఖీల్లో వేధింపులు తగ్గడం, ఇవన్నీ లోమేలో బట్టలమ్మే ఏ అమ్మాయికైనా పనికొచ్చేవే. ఆమె ఎంచి పేరు పెట్టిన నమూనా మీద ఆమెకు ఎన్నేళ్లు, ఎన్ని సరిహద్దుల దాకా చెల్లుబాటు ఉంటుందన్న ప్రశ్న మాత్రం వీటితో తేలదు. ఆ మాట అటుంచితే, వాణిజ్య ఒప్పందంలో అసలు ఏ బట్టను ఆఫ్రికా బట్టగా లెక్కగట్టాలన్న దాని మీద దేశాల మధ్య బేరం ఏళ్ల తరబడి తెగలేదు.