అణువుల నడకను లెక్కించిన హైదరాబాదు శాస్త్రవేత్త



2020లో కరోనా విజృంభిస్తున్న రోజులవి. పెనుకొండ నుండి నాకు పూర్వపరిచితుడైన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఫోను చేశారు. ఒక ఆకులోని పదార్థం వైరస్‌ను అడ్డుకుంటుందని కంప్యూటర్ ద్వారా నిరూపితమైనదన్న సందేశం ఆయన ఫోనుకు వచ్చింది. ఆ కషాయమే సర్వరోగహరమని నమ్మి మూడు వారాలుగా మధుమేహపు మాత్రలు మానివేశారు. కాలి పుండు మానకపోయేసరికి నేను గుర్తుకు వచ్చాను. సకాలంలో వైద్యం అంది కాలు దక్కింది. "అయితే కంప్యూటర్ అబద్ధం చెప్పిందా డాక్టరు గారూ?" అని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. అది చెప్పినదానికి మించిన అర్థాన్ని మనుషులు తీశారు. ఈ సంగతి బోధపడాలంటే ఆ విద్య చరిత్ర కొంత తెలియాలి.

ఆ విద్య పేరు మాలిక్యులర్ డైనమిక్స్. ప్రతి అణువును చుట్టుపక్కల అణువులు ఎంత బలంతో లాగుతున్నవో, నెడుతున్నవో లెక్కించి, క్షణంలో అతి సూక్ష్మభాగం తరువాత అది ఎక్కడ ఉంటుందో కనుగొని, మళ్ళీ అదే లెక్క మొదలుపెట్టడం దీని పద్ధతి. 1957లో ఆల్డర్, వెయిన్‌రైట్ అనే శాస్త్రవేత్తలు అణువులను గట్టి గోళీలుగా భావించి దీనికి నాంది పలికారు. నిజమైన ద్రవానికి దానిని మొదట అన్వయించినది మన హైదరాబాదులో 1927లో జన్మించిన అనీసుర్ రెహమాన్ గారు. కేంబ్రిడ్జిలో, బెల్జియంలోని లూవెన్‌లో చదివి, 1960లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చేరారు. 1964లో 864 ఆర్గాన్ అణువుల కదలికను సీడీసీ 3600 అనే కంప్యూటర్‌పై లెక్కించారు. 864 అణువులంటే 3,72,816 జతలు. దూరపు జతల ప్రభావం స్వల్పం గనుక వాటిని విడిచిపెట్టినా, అడుగడుగునా మిగిలిన జతలను తూచవలసిందే.

లెక్క పూర్తి కాగానే రెహమాన్ గారు సత్యం దొరికిందని ప్రకటించలేదు. ద్రవంలో అణువులు ఎంత త్వరగా వ్యాపిస్తున్నవో లెక్కగట్టి, ప్రయోగశాలలో కొలిచిన విలువతో పోల్చి చూశారు. రెండూ సరిపోలిన తరువాతనే ఆ లెక్కకు విలువ వచ్చింది. 1971లో స్టిల్లింజర్ గారితో కలిసి 216 నీటి అణువులను ఇదే విధంగా పరిశీలించారు. మన దేహంలో అధికభాగం నీరే గనుక వైద్యానికి ఇది పెద్ద మలుపు. 1977లో మెక్‌కామన్, జెలిన్, కార్‌ప్లస్ 58 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ కదలికను లెక్కించారు. వారు చూడగలిగినది పది పికోసెకన్లకు లోపే, అంటే సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో పది భాగాలైనా కాదు. 2010లో ఈ పని కోసమే నిర్మించిన ఆంటన్ అనే యంత్రంపై అదే ప్రోటీన్‌ను ఒక మిల్లీసెకను పాటు చూడగలిగారు. సుమారు పది కోట్ల రెట్లన్నమాట!

అటువంటి ప్రత్యేక యంత్రం అందరికీ అందదు. సామాన్య ప్రయోగశాలలకు ఈ శక్తిని అందించినది వీడియో ఆటల బొమ్మల కోసం పుట్టిన గ్రాఫిక్స్ ప్రాసెసర్, అనగా జీపీయూ. ఒకే రకం చిన్న లెక్కలను వేలకొలది ఒకేసారి చేయడం దాని ప్రత్యేకత. అణువుల జతల లెక్కలూ అటువంటివే. ఎన్విడియా సంస్థ 2007లో క్యూడాను విడుదల చేసిన పిదప శాస్త్రజ్ఞులు జీపీయూలకు ప్రోగ్రాములు రాయడం సులువైంది. ఆంబర్, గ్రోమాక్స్, నామ్డ్ వంటి సాఫ్ట్‌వేర్లు క్రమంగా ఆ దారి పట్టాయి.

అయితే వేగంతో పాటు ఒక చిక్కు వచ్చింది. ఈ చిప్‌లు ఏడు అంకెల వరకే గుర్తుంచుకునే సంఖ్యలతో ఎక్కువ వేగంగా పనిచేస్తాయి. హిందూపురం మార్కెట్ యార్డులో అలా ఏడు అంకెలే నిలుపుకోగల గుమాస్తా ఒకడున్నాడనుకోండి. కోటి రూపాయలకు ఒక్కొక్క రూపాయి చొప్పున వెయ్యిసార్లు కలిపినా అతని పద్దు కోటి దగ్గరే నిలుస్తుంది. ముందుగా ఆ వెయ్యి రూపాయలను కూడి, తరువాత కోటికి కలిపితే లెక్క సరిపోతుంది. వేలాది లెక్కలు ఒకేసారి జరిగే చిప్‌లో ఏది ముందు కలుస్తుందో నిశ్చయం లేదు. కాబట్టి ఒకే లెక్కను రెండుసార్లు చేస్తే రెండు జవాబులు రావచ్చు. అడుగు రెండు ఫెమ్టోసెకన్లు అనుకుంటే ఒక్క మైక్రోసెకనుకు 50 కోట్ల అడుగులు. ఇన్ని అడుగులలో చిన్న తప్పు పేరుకుంటే ఏమవుతుందో ఊహించండి. ఆంబర్ నిర్మాతలైన లె గ్రాండ్, గోట్జ్, వాకర్ 2013లో ప్రకటించిన పద్ధతిలో బలాలను పూర్ణాంకాలుగా మార్చి కూడతారు. పూర్ణాంకాలను ఏ వరుసలో కూడినా మొత్తం ఒకటే.

పని అంతటితో ముగియదు. కొత్త తరం చిప్ వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామును సవరించాలి. సవరించిన ప్రతిసారీ పాత లెక్కలను మళ్ళీ చేయించి, మొత్తం శక్తి అకారణంగా పెరుగుతున్నదా, తరుగుతున్నదా అని చూడాలి. ధర్మవరంలో పనిచేసిన కాలంలో నేను ఉదయం మొదటి రోగిని పిలిచే ముందు బీపీ యంత్రంలో పాదరసం సున్నా దగ్గర నిలిచిందో లేదో చూసుకునేవాడిని. ఆ సున్నా తప్పితే ఆ రోజు నేను రాసిన మందులన్నీ తప్పినట్లే. సాఫ్ట్‌వేర్‌ను కాపాడే వారు చేసేదీ అదే పని.

రెహమాన్ గారు 1987లో కన్నుమూశారు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఆయన పేరిట బహుమతి ఇస్తున్నది. ఆయన మనకు నేర్పినది లెక్కను మాత్రమే కాదు, లెక్కను ప్రకృతి ముందు నిలబెట్టి సరిచూసుకునే వినయాన్ని కూడా.

కనుక మిత్రులారా, "కంప్యూటర్ నిరూపించింది" అన్న సందేశం చూసినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: ఇది కంప్యూటర్‌లో తేలినదా, పరీక్షనాళికలోనా, జంతువులలోనా, మనుషులలోనా? మొదటిది మెట్టు మాత్రమే. చికిత్స చివరి మెట్టు మీద ఉంటుంది. ఆ మెట్టు ఎక్కని దేనికోసమూ మీ వైద్యుని అడగకుండా మాత్రలు మానకండి. పెనుకొండ మాస్టారు ఇప్పుడు తన వద్దకు వచ్చే ప్రతి సందేశానికీ ఈ ప్రశ్నే వేస్తున్నారు.