ఓడిపోవడానికే పాట పాడేవాడు

వేలంలో దొంగపాట కొత్తదేం కాదు. అమ్మేవాడి మనుషులే గుంపులో నిలబడి రేటు పెంచడం ఎప్పట్నుంచో ఉన్నదే. 1995లో ఈబే మొదలయ్యాక ఒక్క మనిషే పది యూజర్ ఐడీలతో గుంపైపోయాడు, అంతే తేడా.

2000 మే నెలలో కాలిఫోర్నియా లాయర్ కెన్నెత్ వాల్టన్ ఒక పెయింటింగ్‌ని 25 సెంట్లకి ఈబేలో పెట్టాడు. రిచర్డ్ డీబెన్‌కార్న్ వేసిందనుకునేలా దొంగ సంతకం. పాట 1,35,805 డాలర్ల దాకా వెళ్ళింది. తీరా చూస్తే అతనూ, ఇద్దరు స్నేహితులూ 40కి పైగా ఐడీలతో ఒకరి సరుకుకి ఒకరు పాడుకుంటున్నారు! 2001లో కేసు పడితే వాల్టన్ నేరం ఒప్పుకున్నాడు.

పాత నాణేల వేలాలు చూసే నాకు ఇందులో అర్థమైంది ఒకటే. ఒక్క వేలం చూస్తే దొంగ దొరకడు. అమ్మేవాళ్ళ టేబుల్‌నీ, పాడేవాళ్ళ టేబుల్‌నీ జాయిన్ చేయాలి. ఎప్పుడూ ఒకే అమ్మకందారు దగ్గర పాడుతూ, ఎప్పుడూ గెలవని ఐడీ కనిపిస్తే? రుజువు కాదు గానీ, అనుమానించాల్సిందే. నిజంగా కొనేవాడు ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాడు. వీడి ఉద్యోగమే ఓడిపోవడం! పెద్ద బిడ్ వేసి, మీ గరిష్ఠం ఎంతో తెలుసుకుని, దాన్ని వెనక్కి తీసుకునేవాడూ ఆ బాపతే.

2008 నాటికి ఈబే పాడేవాళ్ళ ఐడీలు దాచేసింది. నకిలీ మెయిల్స్ నుంచి కాపాడటానికేనంది. దాంతో ఆ జాయిన్ మన చేతుల్లోంచి పోయింది. మిగిలిన ఉపాయం ఒకటే: నాణెం విలువ ముందే లెక్కేసుకుని, ఆఖరి నిమిషంలో ఒక్కసారే పాడటం. రేటు అది దాటితే ఓడిపోవడమే లాభం.