కొండవేట - తేలిక తుపాకి

ఆయుధముల చరిత్రమనగా రాజుల చరిత్రమే యని మనలో ననేకుల తలంపు. ఏ రాజు ఏ కోటను ముట్టడించెను, ఎన్ని ఫిరంగులను పేల్చెను అను లెక్కలతోనే మన పాఠ్యగ్రంథములు నిండియున్నవి. కాని యొక మనుష్యుడు తుపాకిని భుజమున వేసికొని కొండ యెక్కునపుడు వానికెదురగు ప్రశ్న చిన్నది: ఈ బరువును నేనెంతదూరము మోయగలను? ఈ ప్రశ్నకు కాలక్రమమున వచ్చిన సమాధానములను, వానివలన మనుష్యులకును మృగములకును గలిగిన ఫలితములను, ఒంటిమిట్ట చుట్టుపట్ల కొండలను ఎదుట నుంచుకొని విచారింప దలచితిమి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మనదేశమున వేటను నిషేధించినది గనుక ఈ వ్యాసము వేటకు ప్రోత్సాహము గాదని మొదటనే మనవి చేయుచున్నాము.

ఒంటిమిట్ట కడపనుండి రాజంపేటకు బోవు బాటమీద నున్నది. ఉత్తరమున పెన్నానది, దాని యొడ్డున సిద్ధవటము కోట, నదికావల లంకమల; దక్షిణమున పాలకొండలు, వానిని గలసికొని తిరుపతివైపు సాగిన శేషాచలము. ఈ కొండల రాయి మిక్కిలి గట్టిది. అంచులు కత్తులవలె నుండును. ఎఱ్ఱచందనపు చెట్లు, ముండ్లపొదలు, ఎండకాలమున నెండిపోవు వంకలు - ఇదియే యిచ్చటి యడవి. చిఱుతపులి, ఎలుగుబంటి, కణుతి, దుప్పి, కొండగొఱ్ఱె, అడవిపంది యిందలి నివాసులు. ఇట్టి కొండలో ఒకపూట తిరుగువానికి అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. ఒక వీశె యినుము హెచ్చుగా మోయువాడు ఒక వీశె నీరు తగ్గించుకొనవలెను. కావున ఇచ్చట తుపాకి బరువనునది సుఖమునకు సంబంధించిన మాట గాదు, ప్రాణమునకు సంబంధించిన మాట.

ఒంటిమిట్ట స్థలకథ వేటగాండ్రతోనే ప్రారంభమగుచున్నది. ఒంటుడు, మిట్టుడు అను నిద్దఱు బోయలు ఈ యడవిలో దారిదోపిడి చేయుచుండిరనియు, పిదప మనసు మారి రామునికి గుడి కట్టించుటలో దోడ్పడిరనియు, వారి పేరనే యూరికి ఈ పేరు వచ్చెననియు జనులు చెప్పుకొందురు. కథలోని చరిత్రాంశ మెంత యైనను, ఈ సీమలో అడవి నెఱిగిన చేతులు బోయల చేతులే యనుటకు అది సాక్ష్యము. 1652లో ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే యీ మార్గమున బోవుచు ఒంటిమిట్ట దేవళమును జూచి మెచ్చుకొని వ్రాసినాడు. ఆ యాత్రలోనే యతడు గండికోటకు బోయి, మీర్ జుమ్లా కొలువున నొక ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోయుటకు బూనుకొన్న సంగతిని గూడ వర్ణించినాడు. దేవళములలోని కంచు విగ్రహములు గూడ ఆ కొలిమికి జేరెను. అంత బరువైన ఫిరంగులను కొండమీదికి ఈడ్చుట దుస్సాధ్యము గనుక వానిని కోటలోనే పోతపోయ దలంచుట సహజమే. ప్రభువులకుగూడ కొండ బరువు నేర్పుచునే యుండెను.

తుపాకి యను మాటయే మనకు తురుష్క భాషనుండి వచ్చినది. ఆ కాలపు చేతి తుపాకి జామగి తుపాకి. నిప్పంటించిన త్రాటివత్తిని మీటతో వంచి మందుకు దగిలించుటయే దాని పద్ధతి. వాన వచ్చిన వత్తి యాఱిపోవును. రాత్రి దాని నిప్పుకణము దూరమునకు గనబడును. గాలి వాటమున దాని వాసన మృగమునకు దెలియును. గొట్టము పొడవు, బరువు. ఒకసారి పేల్చిన పిదప మరల మందు పోసి, గుండు వేసి, గజముతో గూరుటకు ఎంతో సేపు పట్టును. కావున వేటగాడు ఓపికతో దగ్గఱకు బోవుటయు, తప్పిన వెంటనే చెట్టెక్కుటయు నేర్చుకొనవలసి యుండెను. ఆయుధములోని లోపమును కాలిజాడ చూచు విద్యతో పూరించుకొన్నవాడే యీ కొండలలో బ్రదికినాడు.

1800లో నైజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసిన పిదప థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వఱకు నుండెను. ఆనాడు దత్తమండలములలో సుమారు 80 మంది పాళెగాండ్రును, వారి క్రింద దాదాపు 30,000 సాయుధులైన బంట్లును ఉండిరని చరిత్రకారులు వ్రాయుదురు. మన్రో పాళెగాండ్ర బలమును విఱిచి, బంట్లను సేద్యమునకు మరల్ప యత్నించెను. అయినను 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడినపుడు నల్లమల యంచులలో మరల తుపాకులు మ్రోగెను. 1847 ఫిబ్రవరిలో నతనిని కోయిలకుంట్లలో ఉరితీసిరి. 1857 తరువాత ప్రభుత్వపు జంకు మఱింత హెచ్చెను. 1878 నాటి ఆయుధముల చట్టము లైసెన్సు లేక తుపాకి నుంచుకొనుటను నేరముగా జేసెను. అయితే ఆ నిబంధనలనుండి ఐరోపావారికి మినహాయింపు! ఒక్క యడవిలో నిద్దఱు నడచుచుండగా, జాడ యెఱిగినవాని చేతిలో తుపాకి లేదు. తుపాకి గలవానికి జాడ తెలియదు.

ఈ భేదము తుపాకి బరువును గూడ నిర్ణయించినది. ఆనాటి దొరలు పెద్దమృగముల వేటకు ఎనిమిదవ నంబరు గొట్టముల తుపాకులు వాడుచుండిరి. ఒక పౌను సీసమునకు ఎన్ని గుండ్లు పడునో అదియే ఆ గొట్టపు నంబరు. ఎనిమిదవ నంబరనగా ఒక్కొక్క గుండు పౌనులో ఎనిమిదవ పాలు, అనగా దాదాపు ఐదు తులములు. తుపాకి బరువు సుమారు 15 పౌనులు - మన లెక్కలో ఐదు వీశెలు. దీనిని దొరగారు మోసిరా? లేదు. కూలివాడు మోసెను. పేల్చవలసిన క్షణమున మాత్రము అది దొరగారి చేతికి వచ్చెను. మోయువాడొకడు, పేల్చువాడొకడు, కీర్తి పేల్చినవానిదే. బరువు మోయనివానికి దానిని తగ్గింపవలెనను తొందర యుండదు గదా! ఆ కూలివాని పేరు వేట గ్రంథములలో తఱచు గానరాదు.

తుపాకి తేలికపడుటకు కారణము దయ గాదు, రసాయనశాస్త్రము. 1884లో ఫ్రాన్సు దేశపు రసాయనికుడు పాల్ వియెయ్ పొగలేని మందును కనిపెట్టెను. రెండేండ్లలో ఆ దేశపు సైన్యము దానిని గ్రహించెను. నల్లమందుతో బోల్చిన ఈ క్రొత్తమందు గుండును మిక్కిలి వేగముగా ద్రోయును. ఆ తేడాను చదువరులు చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. 1871 నాటి మార్టినీ-హెన్రీ తుపాకి గుండు 480 గ్రెయిన్లు. తులమునకు 180 గ్రెయిన్లు గనుక ఇది రెండున్నర తులములకు పైమాట. దాని వేగము సెకనుకు సుమారు 1,350 అడుగులు. 19వ శతాబ్ది తుది దశాబ్దమున జర్మనీలో మౌజరు కర్మాగారము తెచ్చిన 7 మిల్లీమీటర్ల తోటాకు ఇంగ్లండులో రిగ్బీవారు .275 అని పేరు పెట్టిరి. దాని గుండ్లలో నొక రకము 140 గ్రెయిన్లు, అనగా తులమైన లేదు. వేగము మాత్రము సుమారు 2,700 అడుగులు. దెబ్బలోని శక్తి బరువుతో పాటును, వేగపు వర్గముతో పాటును హెచ్చును. బరువు మూడవ పాలికంటె తగ్గినను వేగము రెండింతలగుటచే దెబ్బ తగ్గలేదు సరికదా, కొంచెము హెచ్చినది. మఱి భుజమును తన్ను బలము వేగపు వర్గమును బట్టి గాక, వేగమును బరువును గుణించిన దానిని బట్టి పుట్టును. అది దాదాపు సగమునకు తగ్గినది. తన్ను తగ్గినది గనుకనే తుపాకిని తేలికగా జేయ వీలైనది. ఏడెనిమిది పౌనుల తుపాకి అప్పుడు సాధ్యమైనది.

అయితే తేలిక యెంతవఱకు? ఒకే తోటాను సగము బరువుగల తుపాకిలో పేల్చిన, భుజమునకు దగులు తన్ను రెండింతలగును. కొండ యెక్కి రొప్పుచున్నవాని చేతిలో మఱీ తేలికయగు గొట్టము గాలికూగు రెల్లువలె నాడును. కొంత బరువు గుఱికి స్థిరత్వ మిచ్చును. కావున వివేకులైన వేటగాండ్రు కేవలము తేలికను గోరలేదు. దినమంతయు మోయదగినంత తేలికను, ఊపిరి యెగబోయు వేళ నిలుపదగినంత బరువును గోరిరి. కుమాయూను కొండలలో జిమ్ కార్బెట్ చేతి తుపాకి ఇట్టిదే. చంపావతి ఆడపులిని గూల్చినందుకు 1907లో నాతనికి బహుమానముగా వచ్చిన .275 రిగ్బీ తుపాకి యది. 1926లో రుద్రప్రయాగలో 125 మంది ప్రాణములు దీసిన చిఱుతను చంపునప్పుడు నాతడు .275 తుపాకినే పట్టియుండెను. మన శేషాచలపు మామండూరు ప్రాంతములను గూర్చి వ్రాసిన బెంగళూరు నివాసి కెన్నెత్ ఆండర్సన్ మాత్రము .405 వించెస్టరును నమ్ముకొన్నాడు. అది బరువైన గుండు, గట్టి తన్ను. పొదలలో దగ్గఱనుండి పేల్చువానికి అదియే మేలు. అనగా కొండ మాఱిన కొలది, చూపు పాఱు దూరము మాఱిన కొలది, తగిన తుపాకియు మాఱుచుండును.

తుపాకి ఎంపికలో తప్పు జరిగిన నేమగును? చంపావతి పులినే చూడుడు. అది 436 మందిని జంపినదని లెక్క. చచ్చిన పిదప దాని నోరు చూడగా కుడివైపు కోఱలు, మీదిదియు క్రిందిదియు, విఱిగియుండెను. ఎవడో పూర్వము పేల్చిన గుండు దెబ్బ యది. సహజముగా వేటాడలేక ఆ పులి మనుష్యుని బట్టినదని కార్బెట్ నిర్ణయము. సరిగా దగులని యొక్క గుండు ఇన్ని యిండ్లలో దీప మార్పినది. తేలిక తుపాకి ఎక్కడికైన మోసికొనిపోవ వీలగుటచే నేర్పులేనివాని చేతికి గూడ సులభముగా వచ్చినది. గాయపడి తప్పించుకొన్న మృగములు హెచ్చినవి. పైగా నట్టి గుండు గుఱి తప్పినచో రెండు మైళ్లకు మించి గూడ పోగలదు. ఆ వాలులో కట్టెలు గొట్టుకొనువాడో, మేకలు గాచు పిల్లవాడో యుండవచ్చును.

ఈ యపాయమును మన పూర్వులు విల్లు నాడే గుర్తించిరి. దశరథుడు శబ్దవేధి విద్యను నమ్ముకొని, చీకటిలో నేదో యేనుగు నీరు త్రాగుచున్నదని తలంచి, కుండ ముంచుకొను ముని కుమారుని గొట్టెను. కంటితో జూడక కొట్టిన యొక్క బాణము రామాయణమునందలి శోకమున కంతకును బీజమైనది. కోదండరాముని గుడిగల యూరిలో ఈ కథ విననివారుండరు. ఆ గుడి శిథిలమైనపుడు టెంకాయచిప్ప చేతబట్టి భిక్షమెత్తి యుద్ధరించిన వావిలికొలను సుబ్బారావుగారే వాల్మీకి రామాయణమును తెనిగించి యాంధ్రవాల్మీకి యనిపించుకొనిరి. పండుగనాడు ఈ ఘట్టమును విని కన్నీరు పెట్టుకొని, మఱునాడు చీకటిలో కదలిన పొదమీద నాటుతుపాకి పేల్చుట యేమి భక్తి? పంట గాపాడుకొనవలెనను రైతు కష్టము నిజమే. అడవిపంది చేనును ఒక్కరాత్రిలో బాడుచేయును. కాని ఆ కష్టమునకు నివారణము పంటనష్టమునకు పరిహారముగాను, గట్టి కంచెగాను రావలెను గాని గ్రుడ్డిగుండుగా రాదగదు.

ఇక నొక సంగతి. 1848లో జెర్డాన్ అను వైద్యుడు లోకమునకు దెలియజేసిన కలివికోడి యను పక్షి 1900 తరువాత ఎవరికిని గానరాలేదు. నశించినదని పండితులు నిశ్చయించుకొనిరి. 1986 జనవరిలో సిద్ధవటము చెంత, రెడ్డిపల్లి ప్రాంతమున, అది మరల దొరకినది. కనుగొన్నది ఎవరు? బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు వెదకుచుండగా, స్థానికుడైన యొక వేటగాడు రాత్రి చేతిదీపపు వెలుగున దానిని పట్టుకొనెను. రెండేండ్లలో, 1988లో, లంకమలలో అభయారణ్య మేర్పడినది. తుపాకి లేదు, తోటా లేదు. చేతిదీపమును, తరతరములుగా వచ్చిన జాడ యెఱిగిన విద్యయు మాత్రమే. ఈ విద్యగలవారినే మనము ఏ విధముగా జూచితిమి? 1911 నాటి నేరస్థజాతుల చట్టమును మద్రాసు రాజధానిలో నమలు పఱచినపుడు ఎఱుకల మొదలగు కులములవారిని పుట్టుకతోనే నేరస్థులని పట్టికలకెక్కించితిమి. దేశమంతటను ఆ చట్టము తొలగుటకు 1952 దాక పట్టెను. చట్టము పోయినను మన నాలుకమీది మాట యింకను పూర్తిగా బోలేదు.

కావున నేడు ఈ కొండలెక్కు యువకులకు మా హితవు. ఆనాటి వేటగాడు తుపాకి నెట్లెన్నుకొనెనో, మీరు దుర్భిణిని, ఛాయాచిత్ర యంత్రమును అట్లే యెన్నుకొనుడు. బరువు తగ్గించుకొనుడు, నీరు తగ్గింపకుడు. అటవీశాఖ యనుమతి దీసికొనుడు. అన్నిటికంటె ముందు జాడ యెఱిగిన యూరివానిని వెంట దీసికొని, కూలి పూర్తిగా నిచ్చి, మీరు చూచినదానిని గూర్చి వ్రాయునపుడు వాని సమ్మతితో వాని పేరు గూడ వ్రాయుడు. వెనుకటి వేట గ్రంథములు చేయనిపని యిది. మన యిండ్లలోని తల్లిదండ్రులు పిల్లలకు ఈ మర్యాదను నేర్పిన, లంకమల పొదలలోని కలివికోడికిని, దానిని జూపించిన చేతులకును మనము తీర్పవలసిన ఋణములో గొంత తీఱును.