జ్వరం పట్టిన నగరంలో పరిచర్య

1793 ఆగస్టు 22. ఫిలడెల్ఫియా ఊరి చివర, కొమ్మలు చాచిన చెట్ల కింద విందు జరుగుతోంది. నల్లజాతి క్రైస్తవులు తమకంటూ కట్టుకుంటున్న చర్చికి ఆ రోజే పైకప్పు ఎత్తారు. పనిచేసిన వడ్రంగులు తెల్లవాళ్లు, సుమారు వందమంది. ముందు వాళ్లు కూర్చుంటే నల్లవాళ్లు వడ్డించారు. ఆ తర్వాత పంక్తి మారింది. నల్లవాళ్లు కూర్చున్నారు, తెల్లవాళ్లు వడ్డించారు. అప్పటికి ఫిలడెల్ఫియాయే అమెరికా రాజధాని. పారిపోయిన బానిసను పట్టి యజమానికి అప్పగించాలనే చట్టం మీద అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆ ఊళ్లోనే సంతకం పెట్టాడు. అలాంటి చోట అలాంటి పంక్తి చిన్న సంగతి కాదు.

ఆ విందుకు డాక్టర్ బెంజమిన్ రష్ కూడా వచ్చాడు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన పెద్దమనిషి, ఊళ్లోకెల్లా పేరున్న వైద్యుడు. బానిసత్వం పోయి దాని చోట ఇలాంటి చర్చిలు వెలియాలని లేచి నిలబడి ఆకాంక్షించాడు. కానీ మూడు రోజులుగా ఆయన మనసు మనసులో లేదు. రేవు పక్క వీధుల్లో తాను చూస్తున్న జ్వరం ఎల్లో ఫీవరేనని ఆయన తేల్చుకున్నది ఆగస్టు 19నే.

చలితో మొదలవుతుంది. తల పగిలిపోయే నొప్పి. ఒకటి రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, మళ్లీ తిరగబెడుతుంది. కళ్లు, ఒళ్లు పసుపు పచ్చగా మారతాయి. నల్లటి వాంతి అయిందంటే ఇంట్లోవాళ్లు ఆశ వదులుకునేవారు. ఆ వేసవిలో కరీబియన్ వలస సాన్ దొమాంగ్‌లో (నేటి హైతీ) అల్లర్లకు తాళలేక ఓడలెక్కిన కాందిశీకులు వేలల్లో ఫిలడెల్ఫియా చేరారు. వాళ్లతోపాటే జ్వరమూ దిగింది. రేవులో కుళ్లిపోయిన కాఫీ గింజల కంపు వల్లే ఇదంతా అని రష్ నమ్మాడు. అసలు నేరస్థురాలు ఇంటింటా వాన నీళ్ల పీపాల్లో పెరుగుతున్న ఈడిస్ దోమ. మనకు డెంగీని మోసుకొచ్చేదీ అదే. క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే దోమను వేలెత్తి చూపింది 1881లో. హవానాలో అది రుజువైంది 1900లో. అంటే 1793లో శత్రువు ఎవరో ఎవరికీ తెలియదు. గాలే శత్రువు, పక్కమనిషే శత్రువు.

యాభైవేల మంది ఉన్న ఊళ్లోంచి వేలకు వేలు బండ్లు కట్టుకుని పారిపోయారు. సెప్టెంబరు 10న వాషింగ్టన్ వెళ్లిపోయాడు. ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ జ్వరాన పడ్డాడు. మిగిలినవాళ్లు వెనిగర్‌లో తడిపిన గుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకుని, ఇళ్ల వారగా కాకుండా వీధి నడిమధ్యన నడిచారు. చేతులు కలపడం మానేశారు. చావు గంటలు ఆగకుండా మోగుతుంటే బతికున్నవాళ్లు హడలిపోతున్నారని, వైద్యుల సలహా మీద గంటలే ఆపించారు. 2020లో మన వీధులు చూసినవాళ్లకు ఇదేమీ వింతగా తోచదు.

సెప్టెంబరు మొదట్లో ఊళ్లోని నల్లవాళ్లకు పత్రికల్లో ఒక విన్నపం వెలువడింది: వచ్చి రోగులకు సేవ చేయండి. ఈ జ్వరం నల్లవాళ్లకు సోకదని రష్ నమ్మాడు. అమెరికా దక్షిణాదిలో ఒక వైద్యుడు ఎప్పుడో రాసిన మాట ఆయన నమ్మకానికి ఆధారం. ఆ మాట తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లించింది మాత్రం ఆయన కాదు.

ఆ పిలుపు వెళ్లింది ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీకి. అబ్సలోం జోన్స్, రిచర్డ్ అలెన్ 1787 ఏప్రిల్‌లో నిలబెట్టిన పరస్పర సహాయ సంఘం అది. ఇద్దరూ బానిసలుగా పుట్టినవాళ్లే. జోన్స్ అప్పులతో, విరాళాలతో ముందు భార్యకు విముక్తి కొన్నాడు; పగలంతా యజమాని దుకాణంలో చాకిరీ చేసి, రాత్రిళ్లు పనిచేసి ఆ అప్పు తీర్చాడు. బిడ్డల బతుకు తల్లి బతుకును బట్టే నిర్ణయమయ్యే రోజులవి. పుట్టబోయే పిల్లలు స్వేచ్ఛగా పుట్టాలంటే అదే దారి. తన స్వేచ్ఛ 1784 దాకా ఆగింది. అలెన్ తనను తానే కొనుక్కున్నవాడు. స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఉప్పు బండి తోలుతూ, బండి ఆపిన చోటల్లా సువార్త చెప్పినవాడు.

ఈ ఇద్దరికీ ఆ నగరం చేసిన మర్యాద ఒకటుంది. జ్వరానికి కొంతకాలం ముందు, ఆదివారం ఆరాధనలో, సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో మోకాళ్లూని ప్రార్థిస్తున్న జోన్స్‌ను తెల్ల పెద్ద ఒకడు రెక్క పట్టుకుని పైకి లేపాడు. నీ చోటు ఇది కాదు పొమ్మన్నాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగమని జోన్స్ బతిమాలాడు. ఆగలేదు. ప్రార్థన ముగియగానే నల్లవాళ్లంతా ఒక్కుమ్మడిగా బయటికి నడిచారు. చెట్ల కింద విందుకు కారణమైన ఆ చర్చి పుట్టింది ఆ అవమానంలోంచే.

మోకాళ్ల మీదినుంచి లేపి గెంటిన ఊరు ఇప్పుడు వచ్చి కాపాడమంటోంది. ఏం చెయ్యాలి? సొసైటీ సభ్యులు సమావేశమై మాట్లాడుకున్నారు. ఆ గదిలో ఎవరు ఏమన్నారో రాసిపెట్టినవాళ్లు లేరు. తేలిన నిర్ణయం మాత్రం వాళ్లే తర్వాత రాశారు: మండే అగ్నిగుండంలో తనవారిని కాపాడిన దేవుణ్ణి నమ్ముకుని వెళ్లగలమనిపించింది, బాధపడే తోటిమనిషికి చేతనైన మేలు చేయడం తమ విధి అని. బైబిల్లోని షద్రకు, మేషాకు, అబేద్నెగోల కథ చిన్నప్పటి నుంచి విన్న పాఠకులకు ఆ అగ్నిగుండం ఏమిటో చెప్పనక్కర్లేదు. రష్ చెప్పిన వైద్యశాస్త్రం తప్పింది. వీళ్లను నిలబెట్టింది ఆ శాస్త్రం కాదు కాబట్టి, అది తప్పని తేలాక కూడా వీళ్లు పని మానలేదు.

జోన్స్, అలెన్ మొదట అడుగుపెట్టింది ఎమ్‌స్లీ సందులోని ఒక ఇంట్లో. మంచం మీద మగమనిషి, కొన ఊపిరితో. అదే ఇంట్లో భార్య శవం. పక్కన ఇద్దరు పసిపిల్లలు, వాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. ఇద్దరూ చేయగలిగిన ఉపచారం చేసి, ఆ తల్లిని పాతిపెట్టే ఏర్పాటు కోసం పేదల బాగోగులు చూసే అధికారులను అడిగారు. మర్నాడు మేయర్ మాథ్యూ క్లార్క్‌సన్ దగ్గరికి వెళ్లారు. పారిపోకుండా ఊళ్లో నిలిచిన కొద్దిమంది అధికారుల్లో ఆయనొకడు. మొదటి రోజే ఇరవై ఇళ్లకు పైగా చూశారు.

ఆ తర్వాత పని రెండు పాయలైంది. ఒకటి శవాలు మోయడం, రెండోది రోగుల దగ్గర కూర్చోవడం. సొంత మనుషులు ముట్టుకోని శవాలను వీళ్లు పెట్టెల్లోకి ఎత్తి బండి మీద వేసుకుని వెళ్లారు. వైద్యులు చాలక, రష్ నేర్పినట్టు చెయ్యి కోసి రక్తం తీసే పని కూడా వీళ్ల మీదే పడింది. ఎనిమిది వందల మందికి పైగా అలా చేశారు. ఆ చికిత్స వల్ల మేలు లేదని, నీరసించిన ఒంటికి కీడేనని ఇవాళ మనకు తెలుసు. అప్పట్లో దానికి మించిన వైద్యం లేదని పెద్ద వైద్యుడే చెప్పాడు, వీళ్లు నమ్మకంగా చేశారు. నిజంగా ప్రాణాలు నిలబెట్టినవి వేరే ఉండి ఉంటాయని నా నమ్మకం: గొంతులో పోసిన నీళ్లు, మార్చిన పక్కగుడ్డలు, రాత్రి దీపం దగ్గర కూర్చున్న మనిషి.

కొన్ని ఇళ్లల్లో తల్లో తండ్రో చచ్చిపడి ఉంటే, నిద్రపోతున్నారనుకుని పసివాళ్లు పక్కనే ఉండేవారు. ఇది చూసి గుండె తరుక్కుపోయి, ఇక మానేద్దామా అనుకున్నామని జోన్స్, అలెన్ దాచకుండా రాశారు. మిగతావాళ్లు ఎవరూ ముందుకు రాకపోవడం చూసి, మానలేకపోయారు. దిక్కులేక వీధుల్లో తిరిగే పిల్లలను అనాథ శరణాలయానికి చేర్చారు.

ఒక రోజు ఒకాయన తన పడకగది కిటికీలో నిలబడ్డాడు. చావు దగ్గరపడింది. దారిన పోయే ప్రతి మనిషినీ గుక్కెడు మంచినీళ్లిమ్మని వేడుకుంటున్నాడు. తెల్లవాళ్లు కొందరు విని, అడుగు వేగం పెంచి సాగిపోయారు. చివరికి పరదేశిలా ఉన్న ఒక పెద్దమనిషి ఆగాడు. కాదని వెళ్లలేడు, లోపలికి వెళ్లే ధైర్యమూ లేదు. చేతిలో ఎనిమిది డాలర్లు పట్టుకుని, ఈ మనిషికి నీళ్లు ఇచ్చినవారికి ఇది అని వచ్చేపోయేవారిని అడిగాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. అప్పుడొక పేద నల్లవాడు వచ్చాడు. నీళ్లిస్తాను గానీ దానికి డబ్బు మాత్రం తీసుకోను అన్నాడు. ఎంత బలవంతపెట్టినా చెయ్యి చాపలేదు. లోపలికి వెళ్లి నీళ్లు తాగించి, ఆ మనిషికి కావలసినవన్నీ చేశాడు. ఈ కథలో అతని పేరు లేదు. వేదాంతం చెప్పినట్టూ లేదు. సువార్త ప్రకటన అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నేను ఆ కిటికీ వైపు చూపిస్తాను.

వాళ్లు మరిచిపోకుండా రాసిన పేర్లు కూడా ఉన్నాయి. సాంప్సన్ అనే పేదవాడు కూలి అడగకుండా ఇల్లిల్లూ తిరిగి సేవ చేసి, అదే జ్వరంతో పోయాడు. ఆ తర్వాత అతని ఇంటివాళ్లను పట్టించుకున్నవాళ్లు లేరు. శారా బాస్ అనే విధవరాలు పైసా ఆశించకుండా చేసింది. సీజర్ క్రాంచల్ తన ప్రాణాన్ని డబ్బుకు అమ్మనని చెప్పి చేశాడు, అతనూ చనిపోయాడు. ఒక ముసలమ్మను ఏమివ్వమంటావని అడిగితే, చలికాలంలో ఒక పూట భోజనం చాలంది. అలెన్‌కూ జ్వరం వచ్చింది. చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డాడు.

అక్టోబరు చివర మంచు పడింది. దోమలు చచ్చాయి, జ్వరం తగ్గింది. సుమారు ఐదు వేలమంది పోయారు. 1792లో ఆ ఊళ్లో పాతిపెట్టిన నల్లవారు 67 మంది, 1793లో 305. సోకదన్న జ్వరం చేసిన పని అది.

ఇంకా ఊరు తేరుకోకముందే, నవంబరులో ప్రచురణకర్త మాథ్యూ కేరీ జ్వరం మీద ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. కొద్ది వారాల్లోనే మళ్లీ మళ్లీ అచ్చయింది. జోన్స్‌నూ అలెన్‌నూ మెచ్చుకుంటూనే, నల్ల నర్సులు కొందరు రాత్రికి రెండు నుంచి ఐదు డాలర్ల దాకా గుంజారని, ఇళ్లు దోచారని రాశాడు. సహాయ కమిటీకి ఎన్నికై, పని మొదలుకాగానే ఊరు విడిచి వెళ్లినవాడు ఆయన.

క్రైస్తవులు కదా, నింద మోసి ఊరుకోవాల్సింది అని అప్పట్లోనూ అన్నవాళ్లుండి ఉంటారు. జోన్స్, అలెన్ ఊరుకోలేదు. ఊరుకోకపోవడమే సరైనదని నేనంటాను. తమను పొగిడి తమ వాళ్లను తిడితే ఆ పొగడ్త వాళ్లకు అక్కర్లేదు. 1794 జనవరిలో సొంత పుస్తకం వేశారు. కూలి పెరిగింది నర్సుల వల్ల కాదు, నాకంటే నాకని తెల్లవాళ్లే పోటీపడి పాట పెంచినందువల్ల అని చూపించారు. తన పుస్తకం అమ్మి కేరీ సంపాదించింది, ఎంత ఆశపోతు నర్సైనా సంపాదించి ఉండదని నిలదీశారు. మేయర్ యోగ్యతాపత్రం జతచేశారు. లెక్కలూ అచ్చు వేశారు. శవాలు, పరుపులు పాతిపెట్టినందుకు వచ్చింది 233 పౌన్ల 10 షిల్లింగుల 4 పెన్నీలు. పెట్టెలకూ, ఐదుగురు కూలీలకూ ఖర్చయింది 411 పౌన్లు. చేతి నుంచి పోయింది 177 పౌన్ల 9 షిల్లింగుల 8 పెన్నీలు.

ఆ విందు నాడు కప్పు ఎత్తిన చర్చి సెయింట్ థామస్ పేరుతో 1794 జులై 17న తెరుచుకుంది. అదే నెల 29న అలెన్ కట్టిన బెతెల్ చర్చి ప్రతిష్ఠ జరిగింది. జోన్స్ తర్వాత ఎపిస్కోపల్ సంఘంలో తొలి నల్లజాతి యాజకుడయ్యాడు. అలెన్ 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘానికి తొలి బిషప్పు. సెయింట్ థామస్, బెతెల్ సంఘాలు రెండూ ఇప్పటికీ ఫిలడెల్ఫియాలో ఆరాధన చేస్తున్నాయి.

సాంప్సన్, శారా బాస్ ఇవాళ మనకు తెలిసింది ఇద్దరు మనుషులు ఓపికగా కూర్చుని వాళ్ల పేర్లు రాయబట్టే. 2020లో, 2021లో మన ఊళ్లల్లోనూ అయినవాళ్లు రాని శవాలను మోసిన చర్చి యువకులున్నారు, మసీదు కుర్రాళ్లున్నారు, మున్సిపాలిటీ కార్మికులున్నారు. గడప గడపకూ మందులు అందించిన ఆశా కార్యకర్తలున్నారు. మీ ఊళ్లో ఆ పని చేసింది ఎవరో మీకు తెలుసు. వాళ్ల పేర్లు, వాళ్లు చేసిన పని, చేతి నుంచి పెట్టుకున్న ఖర్చు ఒక కాగితం మీద రాయండి. మీ సంఘం రిజిస్టరులోనో, గ్రామ గ్రంథాలయంలోనో భద్రంగా పెట్టండి.